లెక్క సరిపోలేదు

గురువారం పొద్దున ఆ అమ్మాయి ఇనుప మెట్లెక్కి పైకి వచ్చేసరికి రేడియో అక్క లైఫ్ జాకెట్ల నంబర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ కంప్యూటర్లో ఎక్కిస్తోంది. జాకెట్లన్నీ గది మధ్యలో కుప్పగా పడి ఉన్నాయి. ప్రతిదానికీ మెడ దగ్గర ఒక నంబరు, కంప్యూటర్లో ఆ నంబరు ఎదురుగా కుట్టు బాగుందా ఊడిందా అని ఒక గడి. ఊడినవాటిని ఆమె సాయంత్రం ఇంటికి మోసుకుపోయి తనే కుడుతుంది. మర్నాడు తనే వచ్చి బాగుందని గడిలో టిక్కు పెడుతుంది.

స్టేషన్లో అందరూ ఆమెను రేడియో అక్క అంటారు. వృత్తికి టైలరు. వారంలో మూడు పూటలు కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, రేవు చివరనున్న రక్షణ బోటు స్టేషన్ పైగదిలో రేడియో దగ్గర కూర్చుంటుంది. సముద్రం మీద ఆపదలో ఉన్నవాళ్ళు పిలిస్తే పలకడం, బోటును పంపడం, జరిగింది రాసిపెట్టడం ఆమె పని. పంతొమ్మిదేళ్ళ నుంచి చేస్తోంది. జీతం లేదు. ఆ స్టేషన్లో ఎవరికీ ఏమీ ముట్టదు, గోడ గడియారానికి తప్ప. దానికి ఆర్నెల్లకోసారి బ్యాటరీ ముడుతుంది.

"రికార్డులు రాసేది ఇక్కడేనా అక్కా?" అని అడిగింది ఆ అమ్మాయి. ముప్పై లోపు వయసు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరు నిండా కాగితాలు. కాళ్ళకి మగవాళ్ళ రబ్బరు చెప్పులు, రెండంగుళాలు పెద్దవి.

"ఇక్కడే. కూర్చో అమ్మా."

ఆ అమ్మాయి కూర్చోలేదు. "పోయిన నెల తొమ్మిదో తారీకు, శుక్రవారం. మా ఆయన పేరు అందులో ఉందేమో ఒకసారి చూస్తారా? ఐస్ ఫ్యాక్టరీలో చేస్తాడు. ఆ రోజు సెలవని ఒకాయనకి సాయంగా పడవ మీద వెళ్ళాడు."

రేడియో అక్క వేలు కీబోర్డు మీద ఆగిపోయింది. చూడాల్సిన పని లేదు, ఆ తారీకు ఆమెకు కంఠతా వచ్చు. అయినా తీసి చూపించింది. ఆ పిల్ల మొహం చూడటం కంటే కంప్యూటర్ మొహం చూడటం తేలిక.

ఆ అమ్మాయి వంగి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. ప్రమాదంలో ఉన్నవారు: 1. రక్షించినవారు: 1. ఫలితం: విజయవంతం. పక్కనే ఆకుపచ్చ టిక్కు.

"పోలీసులూ ఇదే చెప్పారు," అంది. "పడవలో ఉన్నది ఒక్కడే, వాడు బతికాడు, నీ మొగుడు సముద్రం మీదకి పోనేలేదు, ఎటో పోయాడు, నువ్వేమన్నా పోట్లాడావా అని అడిగారు. ఫ్యాక్టరీ వాళ్ళేమో పనిలో చెప్పకుండా పారిపోయాడని రాసేసుకున్నారు. పారిపోయినవాళ్ళ పెళ్ళాం పిల్లలకి క్వార్టర్ ఉండదంట. చనిపోయుంటే మాత్రం పిల్లల చదువయ్యేదాకా ఉండనిస్తారంట. ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. ఇంక పదకొండు రోజులుంది."

చెప్పాల్సినదంతా బట్టీ పట్టినట్టు చెప్పేసింది. ఎన్ని ఆఫీసుల్లో చెప్పిందో, ఎక్కడెక్కడ ఆగాలో కూడా మాటలకి అలవాటైపోయింది.

"ఆ రోజు ఇక్కడ కూర్చున్నది నేనే," అంది రేడియో అక్క.

ఆ అమ్మాయి తలెత్తింది.

"పిలుపు విన్నది నేనే. పడవాయన ఇద్దరం ఉన్నాం అన్నాడు. ఇద్దరనే రాశాను. బోటు వెళ్ళేసరికి పడవ తిరగబడి ఉంది, ఆయనొక్కడే దొరికాడు. మీ ఆయన కోసం మావాళ్ళు నాలుగు గంటలు తిరిగారు."

"మరి ఒకటని ఎందుకుంది అక్కా?"

దాచి ఏం లాభం. రేడియో అక్క చెప్పింది. మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా బోటు డీజిలు కోసం వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడే ఇంకో పడవ, ఇంజను చచ్చి రాళ్ళ మీదకి కొట్టుకుపోతోంది, అందులో ఆరుగురు. బోట్లను పంచే కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేస్తే, మీ స్టేషన్ ఇంకా ఎర్రగా చూపిస్తోంది, పాత కేసు మూసేదాకా కొత్తది ఇవ్వడం మా సిస్టమ్‌లో కుదరదు, పక్క స్టేషన్ బోటును పంపుతాం అన్నాడు అవతలివాడు. పక్క స్టేషన్ బోటు రావాలంటే రెండు గంటలు. కేసు మూద్దామని నొక్కితే ‘లెక్క సరిపోలేదు’ అని వచ్చింది. ప్రమాదంలో ఇద్దరు, బతికింది ఒకరు, చనిపోయింది సున్నా. చనిపోయినవారి గడిలో ఒకటి వెయ్యాలంటే శవం నంబరు అడుగుతుంది. కనపడకుండా పోయినవాళ్ళకి గడే లేదు. మూడు నిమిషాలు అటూ ఇటూ నొక్కి చూసింది. తర్వాత రెండుని ఒకటి చేసింది. ఎందుకు మార్చావని అడిగితే, అది చూపించిన కారణాల్లోంచి ‘టైపింగ్ పొరపాటు’ అన్నదాన్ని నొక్కింది. స్టేషన్ పచ్చబడింది. బోటు సరంగు డీజిలు పోసుకుని మళ్ళీ వెళ్ళాడు.

"ఆ ఆరుగురూ బతికారా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"బతికారు."

"మంచిదే." ఆ మాట అని, తలుపు వైపు చూసి, మళ్ళీ కంప్యూటర్ వైపు చూసింది. "అయితే ఇప్పుడు మళ్ళీ రెండు వెయ్యండి."

రేడియో అక్క ఆ అంకె మీద నొక్కింది. అంకె పక్కన బియ్యపు గింజంత తాళం బొమ్మ వెలిగింది. "అర్ధరాత్రి దాటితే తాళం పడుతుంది. ఆ సంగతి నాకప్పుడు తెలీదు. రేపు పొద్దున మార్చుకోవచ్చనుకున్నాను."

"మరి మర్నాటి నుంచి?"

మర్నాటి నుంచి రేడియో అక్క మాస్టారుకి చెప్పింది. స్టేషన్ సెక్రటరీ ఆయనే. హెడ్డాఫీసుకి రాస్తానన్నాడు. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ రాశాను, జవాబు రావాలి అన్నాడు. ఆ తర్వాత అడగలేదు. బడులు తెరిచే రోజులు, నూట నలభై యూనిఫారాలు కుట్టాల్సి వచ్చింది. పగలంతా కుట్టింది, పడుకుంది, లేచింది, అన్నం తింది. మనిషి అన్నం తినగలగడం ఎంత సిగ్గులేని పనో ఆమెకు ఈ నిమిషం దాకా తోచలేదు.

"నేను చేయిస్తాను," అంది. "చేయించి నీ ఇంటికొచ్చి చెప్తాను."

"పదకొండు రోజులే ఉంది అక్కా," అంది ఆ అమ్మాయి, కవరు గుండెలకి అదుముకుని మెట్లు దిగుతూ. పెద్ద చెప్పులు ప్రతి మెట్టు మీదా టపటపలాడాయి.

*

మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు. ఇంటిదగ్గర తోచక స్టేషన్ సెక్రటరీ అయ్యాడని గిట్టనివాళ్ళంటారు, ఇంటిదగ్గర ఉండనివ్వక అయ్యాడని గిట్టేవాళ్ళంటారు. ఆయన గదిలో గోడకి ‘కాగితం లేని స్టేషన్ – ప్రథమ బహుమతి’ అని అద్దం కట్టించిన కాగితం ఉంది. దాని కోసమే ముప్పై ఏళ్ళ లాగ్ పుస్తకాలు పాత సామాన్లవాడికి పోయాయి.

ఆ సాయంత్రం రేడియో అక్క అడిగితే ఆయన నీళ్ళు నమిలాడు. కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"రాశానమ్మా. రాయలేదని కాదు."

"రాసింది చూపించండి మాస్టారూ."

ఆయన కంప్యూటర్ తిప్పి చూపించాడు. ఉత్తరం ఉంది. మర్యాదగా, వ్యాకరణం తప్పకుండా, పేరాలు విడగొట్టి ఉంది. పంపని ఉత్తరాల్లో ఉంది.

"ఏడాది నివేదిక వెళ్ళేముందు ఎందుకులే అని," అన్నాడు. "ఈ ఏడు మనది నూటికి నూరు. పిలిచిన ప్రతివాణ్నీ తెచ్చిన స్టేషన్ మనదొక్కటే. కొత్త బోటు మనకిచ్చే మాట నడుస్తోంది. ఈ పాత ఇంజనుతో సరంగు ఎన్నాళ్ళు నెట్టుకొస్తాడు? నేనేమన్నా నా కోసం ఆపానా?"

తలుపు దగ్గర తాడు చుట్టలు వేస్తున్న సరంగు తలెత్తకుండానే అన్నాడు, "నన్ను అడ్డం పెట్టుకోకండి మాస్టారూ. ఒక్కడి కోసమైతే నేను నాలుగు గంటలు ఎందుకు తిరుగుతాను? దొరికినవాణ్ని పక్క పడవలోకి ఎక్కించాను, వాడు చెయ్యి అటు చూపించాడు, నేను అటు పోయాను." సరంగు బోటు నడుపుతాడు. వయసులో ఆమెకంటే పదేళ్ళు పెద్ద, అయినా అక్క అనే పిలుస్తాడు. ఆరడుగుల మనిషి నోట అది వినడానికి కొత్తవాళ్ళకు నవ్వొస్తుంది.

"నువ్వు సాక్ష్యం రాసివ్వు," అంది ఆమె.

"ఇప్పుడే రాస్తా. స్పెల్లింగులు మాస్టారు చూసుకుంటారు."

మాస్టారు నవ్వలేదు. "అమ్మా, ఒక్క మాట. ఇది పంపితే నువ్వు తెలిసి తప్పు రాశావని ఒప్పుకోవాలి. అలాంటివాళ్ళని వాళ్ళు రేడియో దగ్గర కూర్చోనివ్వరు. పంతొమ్మిదేళ్ళు. నువ్వు లేకపోతే ఇక్కడ సగం రోజులు పలికే నాథుడుండడు."

"కూర్చోనివ్వకపోతే మిషను దగ్గర కూర్చుంటాను. పంపండి."

ఆమె నిలబడే ఉంది. ఆయన పాత ఉత్తరం కింద తేదీ మార్చి, ఆమె చెప్పిందీ సరంగు చెప్పిందీ చేర్చి, నొక్కే ముందు ఒకసారి ఆమె వైపు చూసి, నొక్కాడు. నలభై రోజులు కదలనిది రెండు క్షణాల్లో పోయింది.

ఇంటికెళ్ళి జాకెట్ల మూట దింపుతుంటే భర్త ఎదురొచ్చాడు. ఆయన స్కూలు బస్సు డ్రైవరు. "ఊరందరికీ పలికే రేడియో ఇంట్లో మాత్రం ఆరు వారాల నుంచి పలకట్లేదు. బాగుచేయించాలా, మార్చాలా?" అన్నాడు. రోజూ అనే ముక్కే. రోజూ ఆమె ఏదో ఒకటి తిప్పికొట్టేది. ఈ రోజు కింద కూర్చుని అంతా చెప్పింది.

ఆయన విని, మూటలోంచి ఒక జాకెట్టు తీసి ఊడిన పట్టీని వేలికి చుట్టుకున్నాడు. "ఆరుగుర్ని బతికించావు కదే," అన్నాడు.

"వాళ్ళని సరంగు బతికించాడు. నేను ఒకణ్ని చెరిపేశాను."

"ముందు నుయ్యి వెనక గొయ్యి అయితే ఎవరైనా ఏం చేస్తారు?"

"గోతిలో పడ్డది నేను కాదుగా," అంది ఆమె. ఆయన సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు.

*

పడవాయన శనివారం దొరికాడు. ఒడ్డున కొత్త పడవ అడుగుకి తారు పూస్తున్నాడు. ఎడమ చెయ్యి ఇంకా సరిగా లేవట్లేదు. ఆమెను చూసి డబ్బా కింద పెట్టి, కూర్చోమని ఒక దుంగ తుడిచాడు.

"ప్రాణం పోసిన తల్లివి," అన్నాడు. "ఆ రోజు నువ్వు పలక్కపోతే నేను లేను."

"నువ్వు రేడియోలో ఏం చెప్పావో నీకు గుర్తుందా?"

ఆయన మళ్ళీ డబ్బా అందుకున్నాడు. కుంచె ముంచి, అంచుకి రాసి, కారకుండా చూసి, చెక్క మీద పెట్టాడు. పడవ పని చేసేవాళ్ళకి అదో సౌకర్యం, మొహం చెక్క వైపు పెట్టుకుని ఎంతసేపైనా ఉండొచ్చు.

"ఆస్పత్రిలో పోలీసాయన వచ్చి కూర్చున్నాడు అక్కా. నేను నోరు తెరిచేలోపే, రక్షణ వాళ్ళ కంప్యూటర్లో నువ్వొక్కడివే ఉన్నావు, కదా అన్నాడు. నేను అవునన్నాను. వాడి ఒంటి మీద జాకెట్టు లేదు. నా దగ్గర ఒకటే ఉంది, అది నేను వేసుకున్నాను. పడవకి ఒక్కడికే లైసెన్సు. ఉన్నది చెప్తే నేను జైలుకి పోతాను, నా పిల్లలు వీధికి పోతారు. కంప్యూటరే ఒక్కడన్నాక కాదనడానికి నేనెవణ్ని?"

"వాడి పిల్లలు ఇప్పుడు వీధికే పోతున్నారు."

"తెలుసు."

"ఒక్క కాగితం రాసివ్వు. జాకెట్టు మాట రాయొద్దు. ఇద్దరం వెళ్ళామని ఒక్క ముక్క."

ఆయన కుంచె ఆగింది. ఆమెకు ఆశ పుట్టింది, నిజం చెప్పాలంటే చాలా పుట్టింది. ఆయన మెడ మీద నరం కదలడం చూస్తూ కూర్చుంది.

"వాడు నన్ను బావా అనేవాడు," అన్నాడు. "వరసేం కాదు. ఊరికే." తర్వాత మళ్ళీ తారులో ముంచాడు. "నేను రాయలేను అక్కా. నన్ను నువ్వు ఎన్నైనా తిట్టు."

తిట్టాలనే వచ్చింది. కానీ మొదటి అబద్ధం ఎవరిదో ఇద్దరికీ తెలుసు. తను పరిచిన చాప మీదే ఆయన కూర్చున్నాడు. రేడియో అక్క చీరకి అంటిన తారు చూసుకుంటూ లేచి వచ్చేసింది.

*

సోమవారం హెడ్డాఫీసు నుంచి రికార్డుల ఆఫీసరు వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, కష్టపడి చదువుకున్న మనిషని చూడగానే తెలుస్తుంది. దురుసుగా లేదు. మెట్ల మీద సరంగుకి దారిచ్చింది, టీ ఇస్తే కప్పు తనే కడిగి పెట్టింది. ఇలాంటివాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం కష్టం.

ల్యాప్‌టాప్ తెరిచి, అందరి ముందూ చదివింది. "మీ స్టేషన్ నుంచి పొద్దున ఏడు ఇరవై నాలుగుకి ‘రెండు’ అని నమోదైంది. పదకొండు యాభై రెండుకి దాన్ని ‘ఒకటి’గా సరిచేశారు. కారణం, టైపింగ్ పొరపాటు. లాగిన్ మీదే. అవునా మేడమ్?"

"అవును. కానీ అది పొరపాటు కాదు. రెండే నిజం. కేసు మూయడానికి ఒకటి వేశాను."

"పొరపాటు అని మీరే ఇచ్చారు."

"మీరు ఇచ్చిన నాలుగు కారణాల్లో నిజమైంది ఒక్కటీ లేదు. ‘ఇతర’ అని నొక్కితే పై అధికారి అనుమతి కావాలంది. ఆరుగురు రాళ్ళ మీదకి పోతున్నారు."

ఆఫీసరు తల ఊపింది. నిజంగానే అర్థం చేసుకున్నట్టు ఊపింది. "రేడియో రికార్డింగ్?"

"ఏడు రోజుల తర్వాత చెరిగిపోతుంది," అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి.

"పిలుపు రాగానే కాగితం మీద రాసుకున్నదేమైనా?"

మాస్టారు గోడ మీద బహుమతి వైపు చూడకుండా ఉండటానికి కిటికీ వైపు చూశాడు. అలాంటి కాగితాలుంటే మార్కులు పోతాయని స్టేషన్లో కాగితమే ఉంచలేదు. పిలుపు రాగానే తెల్లబోర్డు మీద రాసుకుని, కంప్యూటర్లో ఎక్కించాక తుడిచెయ్యడం ఆ స్టేషన్ అలవాటు. తుడిచే గుడ్డ కూడా రేడియో అక్క కుట్టిందే.

"బోటు నాలుగు గంటలు ఎక్కడెక్కడ తిరిగిందో మీ మ్యాపులో ఉంటుంది," అన్నాడు సరంగు. "నేను సముద్రంలో వాకింగ్ చెయ్యలేదు కదమ్మా."

"ఉంది. మీరు వెతికారనే ఉంది. ఏం వెతికారన్నది లేదు. ఇంకొకరున్నారని మీకు ఎవరు చెప్పారు?"

"అక్క."

"మీరు రక్షించినాయన ఏం చెప్పారు?"

"చెయ్యి చూపించాడు."

"పడవలోని వల కొట్టుకుపోతుంటే చూపించానని ఆయన పోలీసులకి రాసిచ్చారు." ఆమె అది కూడా తెచ్చుకుంది. చదివి వినిపించింది. సరంగు కుర్చీలో వెనక్కి వాలాడు. నాలుగు గంటలు ఆయన ఒక వల కోసం తిరిగినట్టు తేలింది.

అప్పుడు రేడియో అక్క తన తురుపు ముక్క అనుకున్నదాన్ని వేసింది. "నేను రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను కదా. తెలిసే తప్పుడు లెక్క వేశాను. ఏం శిక్ష వేసినా సరే. నా ఒప్పుకోలు తీసుకుని రెండు వెయ్యండి."

ఆఫీసరు చెప్పక తప్పని మాట చెప్పేవాళ్ళలా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మేడమ్, మీరు తప్పు రాశానని ఒప్పుకోకపోతే రికార్డు మార్చడానికి ఆధారమే లేదు. ఒప్పుకుంటే, తెలిసి తప్పు రాసే మనిషి మాట మీద రికార్డు మార్చాలి. అలా ఎలా మారుస్తాం? రేపు ఇంకో కుటుంబం వచ్చి, మా వాడు కూడా ఉన్నాడని మీ చేత చెప్పిస్తే?"

గదిలో రేడియో సన్నగా గరగరమంటోంది.

"అయితే మీ రిపోర్టు వల్ల ఒక మేలు జరుగుతోంది," అంది ఆఫీసరు, బ్యాగు సర్దుకుంటూ. "‘ఆచూకీ తెలియనివారు’ అని కొత్త గడి పెడుతున్నారు. నేనే రాశాను సిస్టమ్ వాళ్ళకి. వచ్చే నెల ఒకటి నుంచి అన్ని స్టేషన్లకీ వస్తుంది."

"పాత కేసులకి?"

"పాతవి తాళం పడ్డాయి మేడమ్."

బుధవారం మధ్యాహ్నం ఉత్తరం వచ్చింది. రికార్డు యథాతథం. ఆమె లాగిన్ రద్దు. పంతొమ్మిదేళ్ళ సేవకి కృతజ్ఞతలు. మాస్టారు దాన్ని ప్రింటు తీయించి, కాగితం లేని స్టేషన్లో ఆ ఏడాది తీసిన మొదటి కాగితం, రెండు చేతులతో ఇచ్చాడు. ఏదో అనబోయి దగ్గాడు. చేతులు కాలాక ఆయన పట్టుకున్న ఆకు అది.

*

ఐస్ ఫ్యాక్టరీ క్వార్టర్లు ఒకే పొడుగాటి షెడ్డును గోడలతో కోసినట్టుంటాయి. తడిసిన సిమెంటు వాసన. ఆ అమ్మాయి ఇంటి ముందు అప్పుడే మంచం పట్టెలు విప్పి గోడకి ఆనించి ఉన్నాయి. లోపల ఆమె గిన్నెలు ఒకదాంట్లో ఒకటి దూర్చి చీరలో మూట కడుతోంది. ఇద్దరు పిల్లలు బయట బొగ్గుతో గడులు గీసి ఒంటికాలి మీద గెంతుతున్నారు.

రేడియో అక్కని చూసి ఆ అమ్మాయి మూట వదల్లేదు. మొహం చూసి తెలుసుకుంది.

"కాలేదు కదా అక్కా."

"కాలేదమ్మా."

ఆ అమ్మాయి తలాడించి ముడి బిగించింది. ఏడుస్తుందేమోనని రేడియో అక్క చూసింది. ఏడవలేదు. ఇంకో గిన్నె తీసుకుంది.

ఈలోపు లోపలి గదిలోంచి ముసలావిడ గోడ పట్టుకుంటూ వచ్చింది. కళ్ళు సగం ఆనవు. "ఎవరే వచ్చింది?" అని కోడల్ని అడిగి, కోడలు జవాబు చెప్పేలోపే, "రక్షణ బోటావిడేనా?" అంది. తడుముకుని రేడియో అక్క చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో సంతోషం ఉంది. "నా కొడుకు పడవ ఎక్కలేదని రాసిపెట్టింది నువ్వేనంటగా తల్లీ. నీ నోట్లో పంచదార పొయ్య. పోలీసులు చదివి వినిపించారు. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగుతోంది."

రేడియో అక్క కోడలి వైపు చూసింది. కోడలు కళ్ళు దించుకుంది.

"మగాడన్నాక అలుగుతాడు, పోతాడు, రెణ్ణెల్లకి సిగ్గుపడి వస్తాడు," అంది ముసలావిడ. "ఇదేమో వాడు పోయాడని రాయించాలని ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. కట్టుకున్నవాణ్ని కాగితం మీద చంపించే ఆడదాన్ని ఎక్కడైనా చూశావా? క్వార్టరంట. వాడొస్తే పది క్వార్టర్లు. ఇది పెట్టింది తినకూడదని మూడు వారాల నుంచి నా ముద్ద నేనే ఉడకేసుకుంటున్నాను."

గదిలో మూలగా రెండో పొయ్యి, దాని మీద చిన్న గిన్నె. రేడియో అక్క దాన్ని చూసింది.

"అక్కా," అంది కోడలు, మూట దగ్గర్నుంచి లేవకుండానే. గొంతు బొత్తిగా మామూలుగా ఉంది. "కాగితం రాకపోతే పోయింది. ఈవిడకైనా చెప్పండి. నా మాట నమ్మదు."

ముసలావిడ చెయ్యి కొంచెం సడలింది. "ఏం చెప్పాలి?"

హెడ్డాఫీసులో పనికిరాని మాట, పోలీసుల దగ్గర పనికిరాని మాట. చెప్పకుండా వెళ్ళిపోతే ఈ ముసలావిడ ఇంకా కొన్నేళ్ళు బతుకుతుంది, అన్నం తింటుంది, గుమ్మం వైపు చూస్తూ కోడల్ని తిడుతుంది. రేడియో అక్క ఆమెను గోడ వారగా కూర్చోబెట్టి తనూ కింద కూర్చుంది.

"ఎక్కాడమ్మా," అంది. "మీ అబ్బాయి పడవ ఎక్కాడు. ఒక్కడే అని రాసింది నేనే. అది అబద్ధం."

"నువ్వు చూశావా?"

"చూడలేదు. విన్నాను."

"పడవవాడి గొంతు విని ఉంటావు."

"ఆయన ఇద్దరం అని అరుస్తున్నాడు. వెనక ఇంకో గొంతు వినపడింది." ఈ సంగతి ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు, రాయడానికి ఏ గడీ లేదు. "అది కాదు బావా, నువ్వు తాడు పట్టుకో, మైకు ఇటివ్వు, నేను చెప్తాను అన్నాడు. మళ్ళీ, అది కాదు, ముందు నువ్వు జాకెట్టు బిగించుకో అన్నాడు. తర్వాత వినపడలేదు."

బయట పిల్లవాడు ఏదో వాదిస్తూ, "అది కాదే, నా కాలు గీత మీద పడలేదు," అంటున్నాడు. కోడలు చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"ఏ మాటకైనా ముందు అదే," అంది ముసలావిడ. "అన్నం పెట్టమన్నా అది కాదమ్మా అనేవాడు. ఎన్నిసార్లు కొట్టాను దానికి." ఇంక ఆమె ప్రశ్నలేవీ అడగలేదు. సాక్ష్యం అడగలేదు, కాగితం అడగలేదు. ఈ లోకంలో రేడియో అక్క మాటని మాటగా తీసుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఆ మాట ఆమెను ఏం చేస్తోందో రేడియో అక్క పక్కనే కూర్చుని చూసింది.

కోడలు గిన్నె కింద పెట్టి వచ్చి అత్త పక్కన కూర్చుంది. ముసలావిడ కాదనలేదు.

"ఎన్నింటికి?" అంది.

"పొద్దున ఏడూ ఇరవై రెండుకి."

"ఏ వారం?"

"శుక్రవారం. తొమ్మిదో తారీకు."

ముసలావిడ పెదాలు కదిలించుకుంటూ ఒకసారి తనలో తను అనుకుంది. మధ్యలో తప్పింది. మళ్ళీ రేడియో అక్క చెయ్యి వెతుక్కుంది.

"ఇంకోసారి చెప్పు తల్లీ," అంది. "వాడు అన్నట్టే చెప్పు. నేను మర్చిపోతాను."

రేడియో అక్క మొదటి నుంచి మళ్ళీ చెప్పింది.